ఇంటి కాపలాకు కుక్కను పెట్టుకోవాలంటే: పిల్లను తెచ్చే ముందు నుంచి రాత్రి పరీక్ష దాకా

సంక్రాంతి దగ్గర పడినా, ఎండాకాలం సెలవులు వచ్చినా తెలిసినవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "ఇంటికి కాపలాగా ఏ కుక్క మంచిది?" జాతి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఒకటి చెప్పండి. రాత్రి రెండు గంటలకు కుక్క మొరిగితే మీ ఇంట్లో ఎవరు లేస్తారు? లేచేవాళ్లు లేకపోతే ఏ జాతి తెచ్చినా తేడా ఉండదు.

ఎందుకంటే కుక్క దొంగను ఆపదు, ఇంట్లోవాళ్లను లేపుతుంది. గోడ దూకినవాడు బెదరకుండా ముందుకు నడిస్తే చాలా పెంపుడు కుక్కలు మొరుగుతూనే వెనక్కి తగ్గుతాయి. అయినా దానితో ఉపయోగం ఉంది. చప్పుడు లేకుండా పని కాదని తెలిస్తే దొంగ వేరే ఇల్లు చూసుకుంటాడు. మీకు లైటు వేసి, పక్కింటివాళ్లకు ఫోన్ చేసే సమయం దొరుకుతుంది. కుక్క నుంచి ఆశించాల్సింది ఇంతే. మనిషిని చూస్తే మీదపడి కరిచే కుక్క కావాలనుకుంటే మాత్రం ఈ పద్ధతి మీకు పనికిరాదు. అలాంటి కుక్క దొంగకంటే ముందు పాలవాడినో, పక్కింటి పిల్లాడినో కరుస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- మూసి ఉండే ప్రహరీ, గడియ సరిగా పడే గేటు. గేటు కింద సందు నాలుగు వేళ్లకంటే ఎక్కువ ఉండకూడదు.
- వెడల్పాటి మెడ బెల్టు, ఛాతీకి వేసే బెల్టు, నడకకు ఆరడుగుల తాడు, శిక్షణకు ఇరవై అడుగుల పొడుగు తాడు.
- నీళ్లకు రెండు బరువైన గిన్నెలు, తిండికి ఒకటి. తిండి గిన్నె ఎప్పుడూ అదే ఉండాలి. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.
- నీడలో పడుకునే చోటు.
- ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు. శిక్షణకు చిటికెన వేలి గోరంత ముక్క చాలు.
- బయటి లైటుకు ఇంటి లోపల స్విచ్.
- దగ్గర్లోని పశువుల డాక్టర్ నంబరు, రాత్రిపూట కూడా చూసే ఆసుపత్రి నంబరు. పశువుల ఆసుపత్రులన్నింటిలో కుక్కలను చూసే ఏర్పాటు ఉండదు, ముందే కనుక్కోండి.
- రోజుకు ఒక గంట. ఇది లేకపోతే మిగతావి కొనకండి.

1. మొదట ఇల్లు చూసుకోండి

కుక్కను తెచ్చే ముందు గేటు తాళం, వెనక తలుపు గడియ, బాత్రూమ్ కిటికీ ఊచలు సరిచేయించండి. గాడిద కుక్క పని చేయబోయి దెబ్బలు తిన్న కథ చిన్నప్పుడు అందరం విన్నాం. తాళం పని కుక్కకు అప్పజెప్పినా అదే గతి. గేటు గ్రిల్ సందుల్లోంచి పిల్లల చేయి దూరేలా ఉంటే నాలుగడుగుల ఎత్తు దాకా వల కొట్టించండి. కాట్లు ఇంటి లోపలే జరగాలని లేదు. "బాగుందే" అంటూ గేటులోంచి ఎవరో చేయి పెట్టినప్పుడూ జరుగుతాయి.

2. కుక్కను ఎంచుకోండి

మొదటిసారి పెంచుతున్నారా? ఇంటిముందు పుట్టిన నాటు కుక్కపిల్లను తీసుకోండి. మన ఎండకు తట్టుకుంటుంది, చెవులు చురుకు, కొత్తవాళ్లను దూరం నుంచే పసిగడుతుంది, జబ్బులు తక్కువ. డబ్బు పెట్టి కొన్నదైతేనే కాపలా కాస్తుందనుకోవడం మన మోజు తప్ప ఇంకేం కాదు.

జాతి కుక్కే కావాలంటే:

తమిళనాడు నుంచి వచ్చే రాజపాళయం కాపలాకు పేరున్నది, యజమానికి బాగా అంటిపెట్టుకుంటుంది. కానీ ఈ తెల్లకుక్కల్లో కొన్ని చెవుడుతో పుడతాయి. కాపలా కుక్కకు చెవుడుంటే ఇక ఏం లాభం? పిల్ల నిద్రలో ఉన్నప్పుడు దూరం నుంచి చప్పట్లు కొట్టి చూశాకే డబ్బివ్వండి.

కర్ణాటకలోని బాగల్‌కోట్ వైపు ముధోల్ వేటకుక్క. 2016లో సైన్యం కూడా ఈ జాతికి శిక్షణ ఇచ్చి చూసింది. అంత మాత్రాన నూట యాభై గజాల ఇంటికి తెచ్చుకోకండి. అది పరిగెత్తడానికి పుట్టిన కుక్క. పొలం ఉంటే సరే.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ చెప్పింది త్వరగా నేర్చుకుంటాయి. షెపర్డ్‌కు బొచ్చు వల్ల ఎండాకాలం కష్టం, తుంటి కీళ్ల జబ్బు కూడా ఎక్కువ, కాబట్టి తల్లిదండ్రుల నడక చూసి కొనండి. డాబర్‌మన్‌కు బొచ్చు తక్కువ, కానీ ఒంటరిగా వదిలేస్తే పాడైపోతుంది.

లాబ్రడార్ దొంగకు కూడా తోక ఊపుతుందని జోకులేస్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ గేటు దగ్గర నల్లటి పెద్ద కుక్క నిలబడితే బయటివాడికి దాని మనసేమిటో తెలియదు కదా. చిన్నపిల్లలున్న ఇంటికి అది చాలు.

పామరేనియన్ అని మనవాళ్లు పిలిచే చిన్న తెల్లకుక్క పిల్లి నడిచినా లేస్తుంది. లేపడానికే అయితే అంతకంటే మంచిది అరుదు. ఇంటి లోపల ఉంటుంది కాబట్టి విషం భయం కూడా తక్కువ.

రాట్‌వీలర్, పిట్‌బుల్ మొదటిసారి పెంచేవాళ్లకు వద్దు. 2024 మార్చిలో కేంద్రం ఇలాంటి 23 జాతులకు లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది, తర్వాత దాన్ని కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. చట్టం ఎటు తిరిగినా, వాటిని పట్టుకోగల చేయి, పెట్టగల సమయం మనకున్నాయా అన్నది చూసుకోవాలి. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటివి చలి దేశాలవి. రామగుండం, రెంటచింతల ఎండల్లో వాటిని పెట్టి బాధపెట్టకండి.

పిల్ల వయసు ఎనిమిది వారాలు దాటాలి. అంతకంటే చిన్న పిల్లలను అమ్మకూడదని 2017 నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉంటేనే పళ్లు ఎంత గట్టిగా దించకూడదో పిల్ల నేర్చుకుంటుంది. ఎంచుకునేటప్పుడు కొంచెం దూరంలో స్టీలు గిన్నె కింద పడేయండి. ఉలిక్కిపడి, మళ్లీ వచ్చి వాసన చూసే పిల్ల మంచిది. మూలకు పారిపోయి ఎంతకీ బయటికి రానిది కాపలాకు వద్దు. భయపడే కుక్కే పెద్దయ్యాక ఎక్కువగా కరుస్తుంది.

ఆడకుక్కా, మగకుక్కా అంటే కాపలాలో తేడా లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కాపలా మానేస్తుందన్నది అపోహ. చేయించని మగకుక్కే వాసన పట్టుకుని రెండు రోజులు ఇంటికి రాకుండా పోతుంది.

తెచ్చిన నెలకే కాపలా కాయాలని చూడకండి. కొత్తవాళ్ల మీద నిలకడగా మొరగడం ఏడాది దాటాకే కుదురుతుంది. తొందరుంటే రెండేళ్ల వయసున్న, స్వభావం తెలిసిన కుక్కను ఎవరైనా ఇస్తారేమో అడగండి.

3. టీకాలు, మందులు

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బులకు టీకా, మూడు నాలుగు వారాలకు మళ్లీ. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, ఆపైన ప్రతి ఏడాది. నట్టల మందు మొదట్లో తరచుగా, పెద్దయ్యాక మూడు నెలలకోసారి. కార్డు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. నగరాల్లో కార్పొరేషన్ రిజిస్ట్రేషన్‌కు ఇదే అడుగుతారు.

గోమార్ల (పిడుదుల) విషయంలో అశ్రద్ధ వద్దు. చెవి లోపల, వేళ్ల సందుల్లో, బెల్టు కింద వారానికోసారి చూడండి. చురుగ్గా ఉన్న కుక్క ఉన్నట్టుండి రెండు రోజులు లేవకుండా, తినకుండా ఉంటే అది బద్ధకం కాదు, గోమార్ల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గేదెలకు కొట్టగా మిగిలిన పిడుదుల మందు కుక్కకు పోయకండి. కొలత తేడా వస్తే ఒళ్లు నాక్కుని విషం ఎక్కుతుంది.

4. మూడో నెల, నాలుగో నెల: మనుషుల్ని చూపించండి

ఇక్కడ చాలామంది తిరగబడిన లెక్క వేస్తారు. ఎవరికీ చూపించకుండా మూల గదిలో పెంచితే పిల్ల కరుకుగా తయారవుతుందని అనుకుంటారు. అలా పెరిగింది అందరికీ భయపడుతుంది, అందరి మీదా మొరుగుతుంది. ప్రతిదానికీ మొరిగే కుక్క మాట వారం తర్వాత ఇంట్లోవాళ్లెవరూ పట్టించుకోరు.

హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, గొడుగు పట్టుకున్నవాళ్లు, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు, బుర్ఖాలో ఉన్నవాళ్లు, పరిగెత్తే పిల్లలు, ఆటోలు, కుక్కర్ విజిల్... రోజుకు రెండు కొత్త సంగతులు దూరం నుంచి చూపించి ఒక ముక్క పెట్టండి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. మామూలు అంటే ఏమిటో తెలిసిన కుక్కే మామూలు కానిదాన్ని గుర్తుపడుతుంది. ముద్దు చేయడానికి మాత్రం వచ్చినవాళ్లందరికీ ఇవ్వక్కర్లేదు.

5. మొరగడం, ఆపడం: రెండూ నేర్పాలి

మొరగడం దానికి వచ్చు. మీరు నేర్పాల్సింది ఆపడం. "చాలు" అనే ఒక్క మాట ఇంట్లో అందరూ వాడాలి. ఒకరు "ఏయ్", ఇంకొకరు "నోర్ముయ్" అంటుంటే దానికేం అర్థమవుతుంది?

- ఇంట్లో ఒకరిని బయటికి పంపి గేటు చప్పుడు చేయించండి. నాలుగైదుసార్లు మొరగనివ్వండి.
- కుక్క దగ్గరికి నడిచి వెళ్లి, మీరూ గేటు వైపు చూడండి. మీరు చూశారన్న సంగతి దానికి తెలియాలి.
- మామూలు గొంతుతో "చాలు" అని, ముక్కు దగ్గర చికెన్ ముక్క పెట్టండి. వాసన చూడాలంటే మొరగడం ఆపాల్సిందే. ఆపగానే ఇవ్వండి.
- మరుసటి రోజు నుంచి ఆపిన రెండు క్షణాలకు, తర్వాత ఐదు, తర్వాత పది క్షణాలకు ఇవ్వండి.
- మూడు నాలుగు వారాల తర్వాత ముక్క అప్పుడప్పుడే ఇవ్వండి, మెచ్చుకోలు మాత్రం ప్రతిసారీ.

గట్టిగా అరవకండి. మీరూ తనతో కలిసి మొరుగుతున్నారని అనుకుంటుంది. కొట్టకండి. మొరిగినందుకు దెబ్బలు తిన్న కుక్క రెండు దార్లు పడుతుంది: మొరగడమే మానేస్తుంది, లేదా హెచ్చరిక లేకుండా కరుస్తుంది. రెండూ మీకు నష్టమే.

పగలంతా రోడ్డు మీద వెళ్లే ప్రతి మనిషికీ మొరుగుతుంటే గేటుకు కింది సగం రేకు కొట్టించండి. కనపడకపోతే సగం తగ్గుతుంది. చెవి, ముక్కు ఎలాగూ పనిచేస్తూనే ఉంటాయి.

6. బయటివాళ్లు పెట్టింది తినకూడదు

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి. దొంగలు కుక్క ఉన్న ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చేది కర్ర కాదు, మాంసం ముక్క. అందులో గుళికల మందో, ఎలుకల మందో ఉంటుంది.

మొదట ఇంట్లో నియమం: తిండి ఎప్పుడూ దాని గిన్నెలోనే, "తిను" అన్నాకే. భోజనాల దగ్గర ముద్దలు పడేయడం, పక్కింటివాళ్లు గోడ మీదుగా రొట్టె విసరడం ఈ రోజుతో ఆగిపోవాలి. పెద్దవాళ్లకు చెప్పడం కష్టమే. "పాపం, చూస్తోంది" అంటారు. ఆ ముద్దేదో దాని గిన్నెలో వేయమనండి.

- పిడికిట్లో ముక్క మూసి ముక్కు దగ్గర పెట్టి "వద్దు" అనండి. నాకుతుంది, గోకుతుంది. మీరు కదలకండి. తల పక్కకు తిప్పిన క్షణాన రెండో చేతిలోంచి ఇంకో ముక్క "తిను" అని ఇవ్వండి. మూసిన చేతిలోది ఎప్పటికీ ఇవ్వకండి.
- అది కుదిరాక ముక్కను నేల మీద పెట్టి, కాలితో కప్పడానికి సిద్ధంగా ఉండండి. "వద్దు." మీ వైపు చూస్తే ముక్క మీ చేతిలోంచి.
- తర్వాత పొడుగు తాడు కట్టి, దానికి అంతగా పరిచయం లేని మనిషితో ఇప్పించండి. లాగితే తాడు పట్టుకుని నిలబడండి, తిట్టకండి. వెనక్కి తిరిగి మిమ్మల్ని చూస్తే అంతకంటే రుచైనది మీరు పెట్టండి.
- చివరగా, కుక్కను బయటికి వదలకముందే గోడ పక్కన మూడు చోట్ల ముక్కలు పడేసి, తాడుతో తిప్పండి.

నెలకోసారైనా మళ్లీ చేయించాలి, లేకపోతే మర్చిపోతుంది. ఎంత నేర్పినా ఆకలితో ఉన్న కుక్క నిగ్రహం మీద పూర్తి భరోసా వద్దు. ఉత్త మజ్జిగన్నంతో సరిపెట్టకుండా గుడ్డో మాంసమో కలిపి రాత్రి కడుపునిండా పెట్టండి. పొద్దున్నే కుక్కను వదిలే ముందు గోడ వెంట ఒకసారి నడిచి చూడండి. అన్నింటికంటే గట్టి ఉపాయం, విసిరింది అందని చోట పడుకోబెట్టడం: గ్రిల్ వేసిన వరండాలోనో, హాల్లోనో.

నోట్లోంచి చొంగ, వాంతులు, తూలడం, వణుకు, ఫిట్స్ కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి. ఉప్పునీళ్లు, పాలు, నూనె పోస్తూ కూర్చోకండి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన ముక్కో, మందు ప్యాకెటో ఉంటే కవర్లో వేసి తీసుకెళ్లండి. కొన్ని ఎలుకల మందులు రెండు మూడు రోజుల తర్వాతే రక్తస్రావం చూపిస్తాయి, కాబట్టి తిన్నదని తెలిస్తే బాగానే కనిపిస్తున్నా చూపించండి. ఇంకో సంగతి: కుక్కకు ఉన్నట్టుండి విషం పడిందంటే ఎవరో మీ ఇంటిని చూసుకుని వెళ్లారేమోనని అనుమానించండి. స్టేషన్లో చెప్పండి, ఆ రాత్రి, తర్వాతి కొన్ని రాత్రులు ఇల్లు ఖాళీగా ఉంచకండి.

7. గొలుసు, గూడు, ఎండ

రోజంతా గేటు పక్కన మూడడుగుల గొలుసుకు కట్టేయడం మన ఊళ్లలో మామూలు. అది కాపలా కాదు. గొలుసు ఎంత దూరం వస్తుందో దొంగ ఒక్క చూపులో కొలుస్తాడు. కట్టేసిన కుక్కకు చిరాకు పెరిగి, విప్పిన రోజున ఇంట్లోవాళ్లనే కరుస్తుంది. పైగా మరీ పొట్టి, బరువైన గొలుసుతో అదే పనిగా కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను నడిపించకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

మంచి పద్ధతి: పగలు నీడలో, రాత్రి మూసిన ప్రహరీ లోపల లేదా వరండాలో విడిగా. ప్రహరీ పూర్తిగా లేకపోతే రెండు స్తంభాల మధ్య తీగ లాగి, దాని మీద జారే తాడు కట్టండి. మెడ బెల్టుకు కాకుండా ఛాతీ బెల్టుకు కట్టాలి. తాడు గోడ దాకా అందకూడదు. కట్టి ఉన్న కుక్క గోడ దూకితే అవతల ఉరి పడుతుంది. ఇలా చనిపోయిన కుక్కలు ఉన్నాయి, దయచేసి కొలిచి కట్టండి.

గూడుకు రేకు పైకప్పు వద్దు. మే నెలలో మధ్యాహ్నం ఆ రేకు కింద మీరు పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది. తాటాకు, కొబ్బరాకు, లేదా చెట్టు నీడ మేలు. గేటు కనిపించేలా, నేలకు అరడుగు ఎత్తులో ఉండాలి. నడక పొద్దున ఏడులోపు, సాయంత్రం పొద్దుగుంకాక. రోడ్డు మీద అరచేయి వెనక వైపు ఏడు క్షణాలు పెట్టలేకపోతే దాని పాదాలకూ కాలుతుంది. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి తూలుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

8. రోజూ వచ్చేవాళ్లు

పనమ్మాయి, పాలవాడు, పేపరు అబ్బాయి, గ్యాస్ అతను, డెలివరీ వాళ్లు. వీళ్లు కరిపించుకోకూడదు, వీళ్లకు కుక్క మరీ దగ్గరా కాకూడదు. రోజూ వచ్చే మనిషి పెట్టింది తినే కుక్క ఆ మనిషి రాత్రి వచ్చినా మొరగదు. పలకరించవచ్చు, తిండి పెట్టకూడదు అని మర్యాదగానే చెప్పండి.

గేటు బయట బెల్, పక్కనే పాల సంచి, పార్సిల్ పెట్టే డబ్బా ఉంచితే సగం సమస్య పోతుంది. గేటు తీసే ముందు కుక్కను పక్కన కట్టడమో, తలుపు వెనక ఉంచడమో అలవాటు చేసుకోండి. "మాది ఏం అనదండీ, రండి" అని మాత్రం ఎవరినీ పిలవకండి. మీకు అనదు, వాళ్లకు ఏమంటుందో మీకు తెలియదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకోవద్దు. మొరిగేవీ కరుస్తాయి.

"కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డు తప్పకుండా పెట్టండి. కుక్క ఎంత సాధువైనా బోర్డు పనిచేస్తుంది. అయితే బోర్డు ఉంది కదా అని బాధ్యత తప్పదు. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

9. రాత్రి మొరిగితే మీరు చేయాల్సింది

ఇది కుక్కకు కాదు, ఇంట్లోవాళ్లకు శిక్షణ. తలుపు తీయకండి. లోపలి నుంచే బయటి లైటు వేయండి. కిటికీలోంచో, కెమెరాలోనో చూడండి. "ఎవరది?" అని గట్టిగా అనండి, లోపల ఇద్దరు ముగ్గురు ఉన్నట్టు మాట్లాడండి. అనుమానం ఉంటే పక్కింటికి, 112కు ఫోన్. మనిషి ఉన్నాడని తెలిసీ తలుపు తెరిచి కుక్కను ఉసిగొల్పకండి, మీరు దాని వెనక వెళ్లకండి.

పల్లెల్లో, పొలాల పక్కన ఇంకో సంగతి ఉంటుంది. కుక్క నేల వైపు ఒకే చోట చూస్తూ, ముందుకీ వెనక్కీ గెంతుతూ మొరిగితే పాము కావచ్చు. కుక్కను పేరు పెట్టి వెనక్కి పిలవండి. టార్చి లేకుండా అడుగు బయట పెట్టకండి.

ఏమీ లేకపోయినా కుక్కను తిట్టకుండా "చాలు" అని పడుకోబెట్టండి. లేవడం విసుగనిపిస్తే ఒక వారం కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు మొరిగింది, ఎందుకు. చాలాసార్లు రోజూ ఒకే వేళకు వచ్చే పిల్లో, పందికొక్కో బయటపడుతుంది. ఆ దారి మూసేస్తే మిగిలిన మొరుగుడుకు విలువ వస్తుంది.

పనిచేస్తోందా? ఇలా పరీక్షించండి

కుక్కకు ఏడాది దాటాక, మూడు నాలుగు నెలలకోసారి:

- కుక్కకు తెలియని స్నేహితుణ్ణి రాత్రి పదింటికి గేటు బయట మెల్లగా నడవమనండి, గడియ కదిలించమనండి. లోపలికి మాత్రం రానివ్వకండి. గేటు చప్పుడుకు ముందే లేస్తే బాగున్నట్టు. అసలు లేవకపోతే పడుకునే చోటు మార్చండి, వయసు పైబడితే చెవులు చూపించండి.
- మీరు "చాలు" అన్న ఎన్ని క్షణాలకు ఆపింది? పది దాటితే ఐదో మెట్టు మళ్లీ మొదలుపెట్టాలి.
- అదే స్నేహితుడితో మంచి మాంసం ముక్క గోడ మీదుగా వేయించండి, కుక్క తాడు మీ చేతిలో ఉంచుకోండి. తినేస్తే ఆరో మెట్టు పూర్తికానట్టే, ఆరుబయట పడుకోబెట్టకండి.
- ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాత ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళ్లండి. గంటంతా ఆపకుండా మొరిగినా, ఏడ్చినా అది కాపలా కాదు, ఒంటరి బెంగ. ఇరుగుపొరుగు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.
- మీరు పిలవకుండా నిజంగా మొరిగిన రాత్రి ఇంట్లో ఎవరు లేచారు, ఎంత సేపటికి? చాలా ఇళ్లు తప్పేది ఈ పరీక్షలోనే. కూలర్ చప్పుడులో వినపడటం లేదంటే కుక్క పడక మీ కిటికీ పక్కకు జరపండి.

తరచూ చూసే తప్పులు

కోపం పెరగాలని కారం కలిపిన అన్నం, పచ్చిమాంసం, కల్లు పెట్టడం. కారం కడుపు పాడుచేస్తుంది, కల్లు ప్రాణం మీదికి తెస్తుంది, ధైర్యం ఒక్కదానితోనూ రాదు. చీకటి గదిలో పెట్టి కర్రతో పొడిచి రెచ్చగొట్టడం కూడా ఇంతే. వండిన కోడి ఎముకలు వేయడం ఇంకో తప్పు, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

దీపావళికి బయట కట్టేయడం. టపాసుల చప్పుడుకు గొలుసు తెంపుకుని పారిపోయిన కుక్కలు ఎన్నో. ఆ మూడు రాత్రులు లోపలి గదిలో ఉంచండి.

వీధికుక్కలకు రోజూ అన్నం పెడితే కాపలా ఉంటుందని పూర్తిగా వాటి మీద ఆధారపడటం. అవి రాత్రి కొత్తవాళ్లను చూసి మొరుగుతాయి, నిజమే. కానీ మీ ఇంటికి వచ్చే చుట్టమెవరో, దొంగెవరో వాటికి ఎవరూ నేర్పలేదు. పెడితే పెట్టండి, మున్సిపాలిటీతో మాట్లాడి వాటికి ఆపరేషన్, రేబిస్ టీకా వేయించే బాధ్యత కూడా తీసుకోండి.

ఎవరినైనా కరిస్తే

మీ కుక్కకు టీకా ఉన్నా సరే: గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి, పసరు మందుకు వెళ్లకండి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రక్తం వచ్చేంత కాటైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సూది మందు) కూడా కావాలేమో డాక్టర్‌ను అడగండి. ఒక్క సూదితో ఆపేయకూడదు, చీటీలో రాసిన తేదీలన్నీ పూర్తిచేయాలి. కుక్కను పది రోజులు కట్టి, కనిపెట్టి ఉండండి. ఖర్చు మీరే పెట్టుకోండి, గొడవ అక్కడే సగం తీరుతుంది.

ఊరెళ్లేటప్పుడు

తాళం వేసిన ఇంట్లో కుక్కను ఒంటరిగా వదిలి "అది చూసుకుంటుందిలే" అని వెళ్లకండి. రెండు రోజుల తిండి ఒకేసారి పెడితే మొదటి పూటే తినేస్తుంది, లేదా చీమలు పడతాయి. పైగా ఎంత మొరిగినా ఎవరూ బయటికి రాకపోతే ఇంట్లో మనుషులు లేరని కుక్కే చాటింపు వేసినట్టు.

దానికి తెలిసిన మనిషి రోజూ రెండు పూటలా వచ్చి తిండి పెట్టి, నడిపించి, సాయంత్రం లైటు వేసి, పొద్దున ఆర్పాలి. రాత్రి అక్కడే పడుకుంటే ఇంకా మంచిది. అలాంటివాళ్లు లేకపోతే కుక్కను బోర్డింగ్‌లోనో, చుట్టాల ఇంట్లోనో పెట్టి, ఇంటి కాపలాకు వేరే ఏర్పాటు చూడండి. పేపరు, పాలు ఆపించండి. నగలు లాకర్లో పెట్టండి. ఎన్ని రోజులు ఉండరో స్థానిక స్టేషన్లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి గమనించే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతిని తెచ్చారు. మీ ఊళ్లో ఉందేమో అడగండి. కుక్కను చూసుకునే మనిషికి డాక్టర్ నంబరు, టీకా కార్డు ఫొటో, తిండి కొలత రాసిచ్చి, ఒక పూట మీ ఎదురుగా ఆయన చేతే గిన్నెలో తిండి పెట్టించండి. "తిను" అనే మాట మర్చిపోకుండా చెప్పండి, లేకపోతే ఆకలితో ఉన్నా గిన్నె ముట్టదు.